కథా ప్రవక్తల సేవా నిబంధనలపై ఒక మహజరు

సంపాదకులకు, కథల పోటీల నిర్వాహకులకు, ఏటేటా సంకలనాలు వేసేవారికి, కథలు రాసే సమస్త జనానికి నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

మన కథల్లో ప్రవక్తలు వెట్టిచాకిరీ చేస్తున్నారు. పని గంటలు లేవు, వారానికో సెలవు లేదు, తిండి లేదు, చాలామందికి పేరైనా లేదు. కౌలు రైతు గురించి కథలొచ్చాయి. నేత కార్మికుడి గురించి, గల్ఫ్ వలస కూలీ గురించి వచ్చాయి. ఆ కథలన్నిటిలో చివరి పేరాకు ముందు వచ్చి, అందరి తరఫునా నాలుగు మంచి మాటలు చెప్పి పోయే గడ్డం మనిషి కష్టం మాత్రం ఎవరికీ పట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ మహజరు.

ముందే ఒక మనవి. మతగ్రంథాల్లోని మహనీయుల మీద నాకే ఫిర్యాదూ లేదు. వారికి భక్తులున్నారు, పీఠాలున్నాయి, ట్రస్టు బోర్డులున్నాయి, అవసరం పడితే లాయర్లూ ఉన్నారు. నేను మాట్లాడేది ఆదివారం అనుబంధంలో, పండగ ప్రత్యేక సంచికలో, పోటీ కథలో డ్యూటీ చేసే ప్రవక్త గురించి. ఊరి చివర రావిచెట్టు కింద కూర్చునే సాములోరు. రైల్లో ఎదురు సీట్లో తగిలి, టీసీ వచ్చేలోపు జీవితసత్యం చెప్పేసే పెద్దాయన. బస్టాండులో "మీరంతా నిద్రపోతున్నారు" అని అరిచే పిచ్చివాడు. ఆయన అరిచేది రాత్రి రెండు గంటలకు కనుక నిజంగానే అందరూ నిద్రపోతుంటారు. అయినా రచయిత ఆ కేకలో మహా అర్థం చూస్తాడు.

అన్యాయం నియామకం దగ్గరే మొదలవుతుంది. కథలోకి గుమాస్తా కావాలంటే ఏ ఆఫీసు, జీతమెంత, పిల్లలెందరు అని రచయిత కాస్తయినా ఆలోచిస్తాడు. ప్రవక్త కావాలంటే మాత్రం రెండే అర్హతలు: తెల్లగడ్డం, ఆ కళ్లలో ఏదో తెలియని కాంతి. ఆ కాంతి ఏమిటో రచయిత చెప్పడు. ఆ వయసులో అది శుక్లాలు కూడా కావచ్చు. పాపం, ఆయన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్లే పాత్ర నేను చదివిన కథల్లో ఒక్కటీ లేదు.

ఇక పని ఎలా ఉంటుందో చూడండి. గచ్చిబౌలిలో ఫ్లాటు, దాని మీద ఇరవై ఏళ్ల ఈఎంఐ, ఇంట్లో మాటలు మానేసిన భార్య, ఆఫీసులో పీక్కు తినే మేనేజరు ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మనశ్శాంతి కోసం సొంతూరు వస్తాడు. (వచ్చేది కారులోనే. దాని కంపెనీ, మోడల్ కథలో స్పష్టంగా ఉంటాయి. స్వామి పేరే ఉండదు.) చెట్టు కింద స్వామి కనపడతాడు.

"స్వామీ, సుఖమంటే ఏమిటి?"

స్వామి చిరునవ్వు నవ్వుతాడు. సరిగ్గా అప్పుడే ఒక పండుటాకు రాలుతుంది. స్వామి దాన్ని చూపిస్తాడు.

"అది ఏడుస్తోందా నాయనా?"

ఆకు ఏడవదు, ఇంజనీరు ఏడుస్తాడు. గుండె తేలికపడుతుంది. కథ అయిపోతుంది. బ్యాంకుకు ఈ సంగతి తెలియదు కనుక ఐదో తారీఖున మామూలుగానే డబ్బు కోసుకుంటుంది. భార్య ఇంకా మాట్లాడటం లేదు. నేను అడిగేది ఒక్కటే: ఇక్కడ చాకిరీ చేసిందెవరు? మూడొంతుల కథ దాకా ముడి మీద ముడి వేసుకుంటూ వచ్చిన రచయిత, విప్పాల్సిన వేళకు ఆ దారపుండను చెట్టు కింది ముసలాయన ఒళ్లో పడేసి చక్కా పోయాడు. ఆ ఆకు గనక రాలకపోతే స్వామి గతేం కాను?

ఈ అలవాటు మనది కాదు, పైనుంచి వచ్చింది అనేవాళ్లున్నారు. కొంత నిజమే కావచ్చు. 1923లో ఖలీల్ జిబ్రాన్ 'ది ప్రాఫెట్' అచ్చయింది. అందులో అల్ముస్తఫా అనే ప్రవక్త పన్నెండేళ్లు పరాయి ఊళ్లో ఓడ కోసం ఎదురుచూస్తాడు. తీరా ఓడ వచ్చాక ఊరి జనానికి దొరికిపోతాడు. ప్రేమ గురించి చెప్పు, పెళ్లి గురించి చెప్పు, పిల్లల గురించి చెప్పు అని ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు, ఆయన చెబుతాడు. కాళోజీ దాన్ని 'జీవన గీత'గా తెలుగు చేశారు. ఆ పుస్తకంతో నాకు పేచీ లేదు. అది కథ కాదు, కథనని ఎక్కడా చెప్పుకోలేదు. దాన్ని చదివి వచ్చినవాళ్లు ప్రశ్నలూ జవాబులూ తెచ్చుకున్నారు గానీ ఓడను రేవులోనే వదిలేశారు. అల్ముస్తఫాకు పుట్టిన గడ్డకు వెళ్లాలన్న తొందర ఉంది. మన స్వామికి ఎక్కడికీ వెళ్లే పని లేదు. ఎవరో ఒకరు కారు దిగి కష్టం చెప్పుకునేదాకా అలా కూర్చోవడమే ఆయన ఉద్యోగం.

ఇంకో మూస 1880 నాటిది. దోస్తొయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' నవలలో ఇవాన్ తాను అల్లిన కథ ఒకటి తమ్ముడికి చెబుతాడు. మతం పేరిట మనుషుల్ని కాలుస్తున్న రోజుల్లో క్రీస్తు సెవిల్ నగరానికి తిరిగి వస్తాడు. తొంభై ఏళ్ల మతాధికారి ఆయన్ను పట్టించి కొట్లో వేయించి, రాత్రిపూట దీపం పట్టుకుని వెళ్లి, మళ్లీ ఎందుకొచ్చావు, మా పనికి అడ్డం అని పేజీలకు పేజీలు వాదిస్తాడు. ఖైదీ దానికి ఒక్క మాట బదులు చెప్పడు. అంతా విని, లేచి వెళ్లి, ఆ ముసలాయన పెదవుల మీద ముద్దు పెడతాడు. ఆయన పనంతా అదే.

ఆ కథకు మన దగ్గర తయారైన తమ్ముళ్లకు లెక్కలేదు. దేవుడు భూలోకానికి దిగుతాడు. ఆధార్ అడుగుతారు. కైలాసానికి పిన్‌కోడ్ లేదని వెనక్కి పంపుతారు. హెల్మెట్ లేదని చలానా రాస్తారు. తన గుడికి తానే వెళ్లి మూడు వందల రూపాయల దర్శనం క్యూలో నిలబడతాడు. ఇంతవరకు నవ్వొస్తుంది, కాదనను. ఆ తర్వాతే దేవుడికి కష్టకాలం. క్యూ కంపార్ట్‌మెంట్‌లో చెక్కబల్ల ఎక్కి, "ఓ మానవులారా, నేను విగ్రహంలో లేను, మీ సాటి మనిషిలో ఉన్నాను" అని మొదలుపెట్టి రెండు కాలమ్‌లు మాట్లాడతాడు. పక్కన చంటిపిల్ల ఏడుస్తోంది, దానికి పాలు కావాలి. సర్వాంతర్యామికి ఆ సంగతి తట్టదు, ఎందుకంటే రచయితకు తట్టలేదు.

హైదరాబాదు కథల్లో ఈ డ్యూటీ ఎక్కువగా హుస్సేన్‌సాగర్ బుద్ధుడి మీద పడుతుంది. అర్ధరాత్రి దిగి వచ్చి ట్యాంక్‌బండ్ మీద బెంచీలో కూర్చుని, ప్రేమ విఫలమైన కుర్రాడికి కోరికలు దుఃఖహేతువులని చెప్పే డ్యూటీ. ఆ విగ్రహానికి అసలు కథ ఒకటుంది. రాయగిరి దగ్గర కొండరాతిలో చెక్కారు. 1990లో పడవ మీద నీళ్లలోకి తీసుకెళ్తుంటే పడవ ఒరిగి విగ్రహం సాగర్‌లో మునిగింది. కొందరు మనుషులు దాంతోపాటే మునిగి చనిపోయారు. రెండేళ్లకు పైగా నీటి అడుగునే ఉండి, 1992లో లేచి నిలబడింది. దుఃఖం గురించి మాట్లాడటానికి ఆయనకు సొంత అనుభవం ఉంది కదా! నిజంగా బెంచీ మీద కూర్చుంటే ముందు ఆ పడవ గురించే చెబుతాడేమో. ఆయన్ను బ్రేకప్ కేసుల్లోకి దించేశారు.

ప్రవక్త అనేవాడు ఎలా ఉండాలో తెలియక ఇదంతా జరుగుతోందంటే నేనొప్పుకోను. ఎందుకంటే యోనా అనే చక్కటి నమూనా ప్రతి చర్చిలోనూ ఉంది, యూనుస్ పేరుతో ఖుర్ఆన్‌లోనూ ఉంది. బైబిల్లో యోనా గ్రంథం నాలుగే అధ్యాయాలు, నలభై ఎనిమిది వచనాలు. మన పత్రికల్లో కథకు ఇచ్చే జాగాలో పట్టేస్తుంది. నీనెవె వెళ్లి ప్రకటించు అని దేవుడంటే, యోనా సరిగ్గా ఎదురు దిక్కుకు, తర్షీషు వెళ్లే ఓడెక్కుతాడు. అదీ ఛార్జీ ఇచ్చి ఎక్కుతాడు. ఆ ఒక్క ముక్కతో ఆయన మన పక్కింటి మనిషైపోయాడు. మన రైలు పెద్దాయన టికెట్ కొన్న కథ ఏదైనా ఉంటే చూపించండి.

తుఫాను, చేప, మూడు రోజులు చేప కడుపులో, అదంతా అందరికీ తెలుసు. చాలామంది మరిచిపోయేది ఆ తర్వాతిది. యోనా చివరికి నీనెవె వెళ్లి, నలభై రోజుల్లో ఈ ఊరు నాశనమవుతుందని చెబుతాడు. ఉపన్యాసం మొత్తం ఒక్క వాక్యం. జనం వింటారు! రాజు గోనె కట్టుకుని బూడిదలో కూర్చుంటాడు. పశువులు కూడా మేత ముట్టకూడదు, వాటికీ గోనె కట్టండి అని దండోరా వేయిస్తాడు. (నల్లచీర కట్టినట్టు గోనె కట్టుకున్న గేదెను ఒకసారి ఊహించుకోండి.) దేవుడు మనసు మార్చుకుంటాడు. ఊరు బతికింది. మన కథకుడైతే ఇక్కడ ఆపేసి పైన 'మార్పు' అని పేరు పెట్టి పంపేవాడు. ఆ కథ అక్కడ ఆగదు. తన జోస్యం తప్పిపోయిందని ప్రవక్తకు ఒళ్లు మండిపోతుంది! నువ్విలా చేస్తావని తెలిసే నేను ముందే పారిపోయాను, ఇక నన్ను చంపెయ్ అని దేవుడితో తగువు పెట్టుకుంటాడు. ఊరి బయట పందిరి వేసుకుని ఏం జరుగుతుందో చూస్తూ అలిగి కూర్చుంటాడు. నీడకోసం దేవుడు ఒక సొరపాదు మొలిపిస్తే సంతోషిస్తాడు. తెల్లారి పురుగు కొట్టి అది ఎండిపోతే మళ్లీ చచ్చిపోతానంటాడు. నువ్వు నాటని పాదు మీదే నీకింత బాధ ఉంటే, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా జనం, బోలెడన్ని పశువులు ఉన్న ఊరి మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడు అడుగుతాడు. ఆ ప్రశ్నతో గ్రంథం అయిపోయింది. యోనా ఏమన్నాడో రాయలేదు.

అలిగే హక్కు. నా డిమాండ్లలో ఇది మొదటిది. చెప్పింది తప్పే హక్కు రెండోది. మన కథా ప్రవక్త ఇంతవరకు ఒక్క మాట తప్పు చెప్పలేదు. వాన వస్తుందంటే వస్తుంది, ఊరికి కీడంటే కీడే. ఉగాది పంచాంగ శ్రవణంలో ఒక్కో పార్టీ ఆఫీసులో ఒక్కో సిద్ధాంతి ఆ పార్టీకే రాజయోగం చెబుతాడు. అందులో ఎవరో ఒకరిది తప్పక తప్పాలి. అంటే మన రాజకీయాల్లో ఉన్నపాటి వాస్తవికత కూడా మన కథల్లో లేదన్నమాట.

చేప కడుపూ నీనెవే మనకు దూరం అనేవారికి కడప జిల్లా దగ్గర. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరెత్తగానే కరోనా గుర్తొస్తుంది మనకు. 2020లో 'కోరంకి' అనే జబ్బు పేరుతో ఒక పద్యం ఫోన్ల నిండా తిరిగింది. జబ్బు వచ్చాక పద్యం దొరకడం మన ఆనవాయితీ. 1983లో సినిమా నటుడు ముఖ్యమంత్రి అయ్యాక, తెర మీది బొమ్మలు గద్దెలెక్కుతాయని స్వామి ఎప్పుడో చెప్పాడన్నారు. ఆ ముఖ్యమంత్రే 1984లో తెర మీద స్వామి వేషం కట్టాడు. ఇంత అందమైన గుండ్రం కథను ఏ కథకుడు అల్లినా, సహజంగా లేదని సంపాదకుడు తిప్పి పంపేవాడు.

అసలు ఆయన గురించి జనం చెప్పుకునే కథలు చూడండి. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరి. ఆవుల్ని మేతకు తోలి, రవ్వలకొండ గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాసుకునేవాడట. అంటే డ్యూటీ టైములో సొంత రచన, మన రచయితల్లో చాలామందికి బాగా తెలిసిన పద్ధతే. తర్వాత కందిమల్లాయపల్లెలో వడ్రంగం పని. ఊరివాళ్లు పోలేరమ్మ జాతరకు చందా అడగడానికి వస్తారు. స్వామి ఇవ్వకపోగా, చుట్ట నోట్లో పెట్టుకుని, చుట్టకు నిప్పు పట్టుకురావే పోలేరీ అని కేకేస్తాడు. గ్రామదేవత నిప్పు తెచ్చిందని కథ. నాకు నచ్చింది ఆ మహిమ కాదు, చందా దగ్గర వచ్చిన పేచీ. చుట్ట కాల్చే ప్రవక్త, చందా ఎగ్గొట్టే ప్రవక్త, ఉలీ బాడిసా ఎలా పట్టుకోవాలో తెలిసిన ప్రవక్త! ఇవాళ్టి కథలో స్వామి చేతికి చుట్ట ఇస్తే, కింద 'పొగతాగడం ఆరోగ్యానికి హానికరం' అని వేయాలేమోనని సంపాదకుడికి టెన్షన్.

ఆ కథల్లోని కక్కయ్య సంగతి మరీ విశేషం. శరీరంలోనే దేవతలున్నారని, షట్చక్రాల్లో వాళ్ల స్థానాలున్నాయని స్వామి తన శిష్యుడు సిద్ధయ్యకు బోధిస్తుంటే కక్కయ్య చాటుగా వింటాడు. నేరుగా ఇంటికెళ్లి, నిద్రపోతున్న భార్యను కోసి చూస్తాడు. దేవతలెవరూ కనపడరు. నువ్వు చెప్పిందంతా అబద్ధం అని స్వామి మీదికే పోట్లాటకు వస్తాడు. స్వామి వెళ్లి ఆమెను బతికిస్తాడు. ఈ కథ వింటే ఒళ్లు జలదరిస్తుంది, జలదరించాలి కూడా. (భర్త జ్ఞానతృష్ణకు భార్య ఖర్చు కావడం అనే ఆచారం అప్పటికే బాగా ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.) గురువు మాటను అక్షరాలా నమ్మినవాడి చేతిలో అది కత్తి అవుతుందని చెప్పే కథ అది. మన కథల్లో స్వామి మాట విన్నవాళ్లంతా కన్నీళ్లు పెట్టుకుని, కారెక్కి వెళ్లిపోతారు. ఒక్కడూ తప్పుగా అర్థం చేసుకోడు. పల్లెటూరి చెట్టు కింద ఇంత మంచి శ్రోతలు దొరుకుతుంటే ఆర్ట్స్ కాలేజీల్లో తెలుగు లెక్చరర్లు ఎందుకు ఏడుస్తున్నారో నాకర్థం కాదు.

ఇప్పటికీ నడుస్తున్న భవిష్యవాణి చూడాలంటే బోనాల మర్నాడు, సోమవారం, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడికి వెళ్లండి. రంగం. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ పలుకుతుంది. టీవీలు లైవ్ ఇస్తాయి. పెద్ద పెద్దవాళ్లు చేతులు కట్టుకుని నిలబడతారు. ఆమె చెప్పేది మానవత్వం గురించి కాదు. వానలు పడతాయా లేదా, నాకు చేసే పూజలు సరిగా జరుగుతున్నాయా, ఏ లోటు చేశారు, ఎందుకు కోపం వచ్చింది, ఇదీ వరస. పూజారులు బతిమాలుతారు, ఈసారి సరిగా చేస్తాం తల్లీ అంటారు. అదంతా బేరం, అలక, నిష్టూరం, హామీ. అమ్మవారు తన బాకీలు తాను వసూలు చేసుకుంటుంది. కథలో స్వామికి మాత్రం తనకంటూ కావాల్సింది ఏమీ లేదు. ఏమీ అక్కర్లేని మనిషితో సంభాషణ ఎలా నడుస్తుంది? అందుకే అది ఉపన్యాసమవుతుంది.

కథలో ప్రవక్తను పెట్టడమే తప్పని నేననడం లేదు. ఆర్.కె. నారాయణ్ 'యాన్ ఆస్ట్రాలజర్స్ డే' ఉంది కదా. టౌన్‌హాల్ పార్కు పక్క చింతచెట్టు కింద జ్యోతిష్యుడు. నుదుట విభూతి, కుంకుమ, ముందు గవ్వలు, ఎవరికీ అర్థం కాని పటాలు. సొంత దీపం లేదు, పల్లీలమ్మేవాడి దీపం వెలుగులో పని కానిస్తాడు. ఒక రాత్రి గురునాయక్ అనేవాడు వచ్చి నిజం చెబితేనే డబ్బిస్తానని పందెం వేస్తాడు. జ్యోతిష్యుడు చెబుతాడు: నిన్ను ఒకప్పుడు కత్తితో పొడిచి చచ్చావనుకుని బావిలోకి తోశారు, ఆ చేసినవాడు లారీ కింద పడి పోయాడు, ఇక ఊరికెళ్లిపో, మళ్లీ ఇటు రాకు. పేరుతో సహా ఎలా చెప్పాడంటే, పొడిచింది తానే కనుక! ఇంటికెళ్లి డబ్బులు లెక్క పెట్టుకుంటే రూపాయి అన్నవాడు పన్నెండున్నర అణాలే ఇచ్చాడు. మోసం చేశాడని తిట్టుకుంటాడు. ఆ సర్వజ్ఞుడికి కళ్లలో కాంతి ఎక్కడినుంచి వచ్చిందో, భయం ఎక్కడినుంచి వచ్చిందో పాఠకుడికి తెలుసు. కథంతా కలిపి ఐదారు పేజీలు.

అమెరికాలో ఫ్లానరీ ఓకానర్ ఇంకో అడుగు ముందుకేసింది. గట్టి కాథలిక్కు, భక్తురాలు. 1955 నాటి 'గుడ్ కంట్రీ పీపుల్' కథలో ఇంటింటికీ బైబిళ్లు అమ్మే అమాయకపు కుర్రాణ్ని పెట్టి, తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసిన నాస్తికురాలి కొయ్యకాలును వాడి చేత ఎత్తించుకుపోయేలా చేసింది. వాడి పెట్టెలోని బైబిల్ ఒకటి లోపల డొల్ల, అందులో విస్కీ సీసా, పేకముక్కలు. భక్తురాలికి ఉన్న ఆ ధైర్యం మన హేతువాద కథకులకు లేకపోవడం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

ధైర్యం మాట వచ్చింది కనుక, ప్రవక్తలకు పేరు ఎందుకు లేదో చెప్పాలి. ఇది రచయిత ఒక్కడి తప్పు కాదు. 1927 నుంచి మన శిక్షాస్మృతిలో 295ఏ అని ఒక సెక్షన్ ఉండేది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 299 అయింది. నంబరు మారింది, మూడేళ్ల దాకా జైలు అన్న ముక్క మారలేదు. కావాలని మనోభావాలు గాయపరిస్తేనే నేరమని చట్టం అంటుంది గానీ, గాయం ఎంత లోతో కొలిచే పని సాధారణంగా కోర్టు కంటే ముందు వాట్సాప్ గ్రూపు మొదలుపెడుతుంది. అందుకని స్వామికి నామం తీసేస్తారు, విభూతి తీసేస్తారు, శిలువ తీసేస్తారు, టోపీ తీసేస్తారు. చివరికి ఎవరూ అభ్యంతరం చెప్పలేని గడ్డం ఒక్కటి మిగులుతుంది. ఏ మతానికీ చెందని, ఏ కులంలోనూ పుట్టని, ఏ యాసా లేని మనిషి. అటువంటివాడు మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లోనైనా రెండు రోజులుంటే ఇల్లు అద్దెకు దొరకదు, ముందు "మీరేవుట్లు?" అని అడుగుతారు. 1910లోనే గురజాడ 'మీ పేరేమిటి?' కథలో శైవుల్నీ వైష్ణవుల్నీ పేరుపెట్టి మరీ తగువులోకి దించి, నిప్పుల గుండం దాకా నడిపించారు. నూట పదేళ్లు దాటాక మనం చెట్టు కింద గడ్డం దగ్గర ఆగిపోయాం.

భయపడేవాళ్లను ఎగతాళి చేసే హక్కు నాకు లేదని కూడా ఒప్పుకుంటాను. గుడి ఉత్సవం ఆచారం నేపథ్యంగా నవల రాసినందుకు 2015 జనవరిలో తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్, తనలోని రచయిత చనిపోయాడని ఫేస్‌బుక్‌లో తానే ప్రకటించాల్సి వచ్చింది. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు ఆ రచయిత తిరిగి లేవాలి, రాయాలి అని తీర్పు చెప్పింది. మన కాలంలో పత్రాలతో సహా నిర్ధారణ అయిన పునరుత్థానం నాకు తెలిసి ఇదొక్కటే. లేచింది ప్రవక్త కాదు, కథకుడు. దీని మీద కూడా కథ రాయొచ్చు. రాస్తే మాత్రం దయచేసి అందులో చెట్టు కింద ఎవరినీ కూర్చోబెట్టకండి.

ఇక చివరి డిమాండు, చావు సంగతి. పోటీ కథల్లో స్వామి ఆఖరి పేరాలో చనిపోవడం రివాజు. ఇంజనీరు మర్నాడు పొద్దున్నే కృతజ్ఞతలు చెప్పడానికి చెట్టు దగ్గరికి వస్తే స్వామి కూర్చున్న చోటే ఒరిగి ఉంటాడు. ముఖం మీద చెరగని చిరునవ్వు. అక్కడితో కథ అయిపోయి, రచయిత బహుమతి అందుకోవడానికి వెళ్లిపోతాడు. ఊళ్లో మిగిలేది గుర్తుతెలియని శవం. దానికో పద్ధతుంది: పోలీసులకు కబురు పెట్టాలి, ఇదివరకు సీఆర్‌పీసీ (నేర విచారణ స్మృతి) 174, ఇప్పుడు దాని చోట వచ్చిన బీఎన్ఎస్ఎస్ 194 కింద కేసు కట్టాలి, పెద్దమనుషుల సమక్షంలో పంచనామా రాయాలి, మార్చురీలో పెట్టాలి. ఈ ఖర్చంతా ఎవరు భరించాలి? సర్పంచ్‌ను అడిగితే పంచాయతీలో వీధి దీపాలకే డబ్బుల్లేవంటాడు. ఆ పొద్దున చెట్టు కింద ఏం జరుగుతుందో రచయితలెవరూ రాయరు కనుక నేనే రాస్తున్నాను.

ఎస్సై అట్ట మీద కాయితం పెట్టుకుని అడుగుతాడు.

"పేరు?"

"తెలీదు సార్. సాములోరు అంటాం."

"ఊరు?"

"ఎక్కణ్నించో వచ్చాడు సార్."

"ఎన్నాళ్ల నుంచి ఉంటున్నాడు?"

"మా తాత చిన్నప్పటి నుంచీ ఉన్నాడంట సార్."

"అప్పట్నుంచీ ఏం తిని బతికాడయ్యా?"

"ఎవరూ చూళ్లేదు సార్."

ఎస్సై రాయడం ఆపి చెట్టు కేసి ఒకసారి, శవం కేసి ఒకసారి చూస్తాడు.

"నిన్న ఎవరితోనన్నా మాట్లాడాడా?"

ఊరంతా కలిసి ఇంజనీరును ముందుకు తోస్తారు.

"ఈ బాబుతో మాట్లాడాడు సార్. చానాసేపు. పేజీన్నర ఉంటది."

"ఏమన్నాడు బాబూ?"

"ఆకు ఏడుస్తోందా అని అడిగారు సార్."

"ఇంకా?"

"అంతే సార్."

"సరే, స్టేషన్‌కొచ్చి స్టేట్‌మెంట్ ఇచ్చి వెళ్లు."

"సార్, నాకు తొమ్మిదిన్నరకు స్టాండప్ కాల్ ఉంది."